ఆపు

రాస్ లఫాన్‌లో నా క్రేన్ క్యాబిన్‌కి
నూట పద్దెనిమిది మెట్లు.
ఎక్కేటప్పుడు కీర్తన పాడుకోను, ఊపిరి చాలదు.
మెట్టుకో పేరు తలుచుకుంటాను:
అమ్మ, చిన్నక్క, బాకీ ఉన్న సుబ్బులత్త,
ముమ్మిడివరం బ్యాంకు మేనేజరు.

పైనుంచి సముద్రం గంజి పెట్టిన పంచెలా కనిపిస్తుంది.
ట్యాంకుల మధ్యకి దించే బరువు మాత్రం కనిపించదు.
చెవిలో కుల్‌మాన్ గొంతు, నేపాల్ యాస హిందీ:
"కొంచెం... కొంచెం... ఇంకొంచెం..."
ఆ కొంచెంలో పదకొండు టన్నుల ఇనుము వేలాడుతుంది.
నమ్మడమంటే ఏంటని ఎవరైనా అడిగితే ఇదే చూపిస్తాను.
లోబడడమంటే ఏంటన్నా ఇదే.
నా కుడిచేతి లీవర్ దగ్గర
ఆ రెండూ ఒకటే కదలిక.

శుక్రవారం దోహాలో మాత్రం అవి రెండు పార్టీలు.
పాస్టర్ దీనసుందరం గారు చేతులు చాచి
"నమ్ము, అంతే. మిగతాదంతా ఆయనే చేసేశాడు" అంటారు.
మా ఫోర్‌మన్ జక్రయ్యన్న ముందు వరసలో గొంతు సవరించుకుని
"లోబడకుండా నమ్మకమేంటండి, ఉప్పులేని చేపలపులుసు" అంటాడు.
ఇద్దరికీ ఆమెన్ చెప్పి
బిర్యానీ పొట్లం తీసుకుని బస్సెక్కేస్తాను.

మొన్న మంగళవారం, రెండున్నర.
బరువు గాల్లో ఉంది.
కంచె అవతల, చెత్త ఊడ్చే బంగ్లా కుర్రాడు మొఫిజుల్
రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

మా పనిలో ఒక చట్టముంది.
ఎత్తమనే హక్కు ఒక్కడిదే.
దించమనే హక్కూ వాడిదే.
ఆపమనడానికి మాత్రం ఎవడైనా చాలు,
టీ తెచ్చేవాడు, దారిన పోయేవాడు, పిచ్చివాడు.
ఎందుకని అడగకూడదు. ముందు ఆపాలి.

ఆపాను.

రేడియోలో జక్రయ్యన్న: "ఏంట్రా? దించు."
"చెయ్యెత్తాడన్నా."
"ఎవడు?"
"ఊడ్చే కుర్రాడు."
"వాడి మొహం. షిఫ్టు అయిపోతోంది. దించు, ఇది నా మాట."
లీవర్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.
నలభై నిమిషాలు.
గొలుసులు చూశారు, కొక్కెం చూశారు, గాలి కొలిచారు.
ఏ లోపమూ లేదు.

సాయంత్రం మొఫిజుల్‌ని అడిగాను.
భయపడిపోయాడు పాపం.
"తాగునీళ్ల బండి వెళ్లిపోతుంటే పిలిచాను భాయ్.
నీకు కాదు."

నాకు కాదట.

వార్నింగ్ కాగితం వచ్చింది. మూడు రోజుల జీతం కోత.
జక్రయ్యన్న చదివి తెలుగులో చెప్పాడు: అవిధేయత.
ప్రసంగాల్లో తప్ప ఎక్కడా వినని మాట.
"పైవాళ్లకి లోబడమని వాక్యంలో లేదా తమ్ముడూ?"
కోపంగా అనలేదు. భుజం మీద చెయ్యేసి అన్నాడు.
కోపంగా అన్నా బాగుండేది.

ఈ శుక్రవారం సాక్ష్యాల వేళ లేవబోయి కూర్చుండిపోయాను.
వీసా వచ్చినామె చెప్పింది,
కిడ్నీలో రాయి కరిగినాయన చెప్పాడు.
నాది ఏమీ జరగని కథ.
ఏమీ పడలేదు, ఎవరూ పోలేదు,
దేవదూత నీళ్ల బండి వెనక పరిగెత్తాడు.

ఇన్నేళ్లూ సెలవు చీటీల కింద రాశాను
"ఇట్లు తమ విధేయుడు" అని.
చెయ్యి దానంతటదే రాసేది.
ఈ రాత్రి కాగితానికి జవాబు రాస్తూ
ఆ మాట దగ్గర పెన్ను ఆగింది.
అబద్ధమని కాదు.
ఎవరికో తెలిసి రాద్దామని, మొదటిసారి.

పక్క మంచం మీద కుల్‌మాన్ గురక.
నాలుగింటికి బస్సు.
రేపు ఎవడో మళ్లీ చెయ్యెత్తుతాడు,
ఈగకో, దోస్తుకో, నీళ్లకో.
మళ్లీ ఆపుతాను.
దాన్ని నమ్మకం అంటారో, లోబడడం అంటారో,
ఒట్టి మొండితనమంటారో నాకు తెలీదు.

ఇంటికి పంపే డబ్బులోంచి
ఇంకో మూడు రోజుల కూలి తీసి పక్కన పెట్టాను.